సూర్యుడి వేడికి బొగ్గు తోడు: లోహ ఆక్సైడ్ ఇంధనాలపై తెగని చర్చ

నంద్యాల జిల్లాలో ఎండ ఒక పంటగా మారి కొన్నేళ్లయింది. గని, పరిసర గ్రామాల భూముల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి కరెంటు ఇస్తోంది. పిన్నాపురం దగ్గర నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకం వచ్చింది. ఇదే జిల్లాలో యాగంటి క్షేత్రం ఉన్న ఎర్రమల కొండల చుట్టూ బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు తిరిగితే మరో లోకం కనిపిస్తుంది. అక్కడ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, పగలూ రాత్రీ ఆరని బట్టీలు. ఆ బట్టీలకు సోలార్ ప్యానెల్ పనికిరాదు. వాటికి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి కావాలి, దాన్ని ఇప్పటికీ ప్రధానంగా బొగ్గూ పెట్‌కోకూ ఇస్తున్నాయి.

అంత వేడిని ఎండ నుంచే తీయగలమా? తీసినా, లోహ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాగడానికి బొగ్గో సహజ వాయువో కలిపితే దాన్ని సౌర ఇంధనం అనవచ్చా? యాభై ఏళ్లుగా నడుస్తున్న ఈ చర్చలో రసాయన శాస్త్రం, ఇంజనీరింగ్, వాతావరణ లెక్కలు, రైతు ప్రయోజనం ఒకదానితో ఒకటి చిక్కుపడ్డాయి. ఆ చిక్కు విప్పి, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది బేరీజు వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు ప్రక్రియ ఏమిటి?

అద్దాలతో ఎండను ఒకచోట కేంద్రీకరించి లోహ ఆక్సైడ్‌ను కాలుస్తారు. ఆక్సిజన్ విడిపోతే లోహం గానీ, ఆక్సిజన్ తగ్గిన ఆక్సైడ్ గానీ మిగులుతుంది. దాని మీదికి నీటి ఆవిరి పంపితే అది ఆక్సిజన్‌ను తిరిగి తీసుకుని హైడ్రోజన్‌ను వదులుతుంది. ఆవిరికి బదులు కార్బన్ డయాక్సైడ్ పంపితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఈ రెండు వాయువులూ కలిస్తే సిన్‌గ్యాస్. దాని నుంచి పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం తయారుచేయవచ్చు. ఆక్సైడ్ మళ్లీ మొదటి స్థితికి వస్తుంది కాబట్టి చక్రం తిరుగుతూనే ఉంటుంది.

చిక్కంతా మొదటి మెట్టులోనే ఉంది. జింక్ ఆక్సైడ్‌ను వేడి ఒక్కదానితోనే విడగొట్టాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ పైమాట. పైగా విడిపోయిన జింక్ ఆవిరీ ఆక్సిజనూ చల్లారుతూ మళ్లీ కలిసిపోవాలని చూస్తాయి. అదే ఆక్సైడ్‌లో బొగ్గుపొడి కలిపితే సిద్ధాంతం ప్రకారం 950 డిగ్రీల దగ్గరే చర్య సాధ్యమవుతుంది. ఆచరణలో 1,000 నుంచి 1,200 డిగ్రీలు చాలు. ఆక్సిజన్‌ను కర్బనం కార్బన్ మోనాక్సైడ్ రూపంలో పట్టుకుపోతుంది.

ఇక్కడ పని చేసేది ఎక్కువగా ఆ వాయువే. ఆక్సైడ్ రేణువూ బొగ్గు రేణువూ పక్కపక్కనే ఉన్నా, రెండూ ఘన పదార్థాలు కాబట్టి తగిలేది కొద్ది చోట్లే. మధ్యలో తిరిగే కార్బన్ మోనాక్సైడ్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను తీసుకుని కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది బొగ్గును తాకి తిరిగి రెండు పాళ్ల కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. అందుకే బొగ్గు రకం, దాని రంధ్రాలు, రేణువు సైజు చర్య వేగాన్ని మార్చేస్తాయి.

చరిత్ర: మూస నుంచి సౌర గోపురం దాకా

బొగ్గుతో ఆక్సైడ్‌ నుంచి ఆక్సిజన్‌ను తీసేయడం, అంటే క్షయకరణం, మన దేశానికి కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా దాకా పేరు పొందింది. రాజస్థాన్‌లోని జావర్‌లో మధ్యయుగాల్లోనే జింకును భారీ ఎత్తున ఆవిరి పట్టి తీశారు. అక్కడి తవ్వకాల్లో వంకాయ ఆకారపు మట్టి మూసలు బయటపడ్డాయి. రసరత్న సముచ్చయం అనే గ్రంథం అలాంటి మూసనే వర్ణిస్తుంది. జింకు ఖనిజంలో లక్క, కరక్కాయ, పసుపు లాంటి కర్బనం ఉన్న సరుకులు కలిపి కాల్చమంటుంది. మంట నీలం నుంచి తెలుపుకు తిరిగే ఘడియను గుర్తుపట్టమంటుంది. నీలం మంట కార్బన్ మోనాక్సైడ్‌ది, తెలుపు జింక్ ఆవిరిది అని నేటి రసాయన శాస్త్రం చెబుతుంది. నల్లమలలోని శ్రీశైలం సిద్ధ నాగార్జునుడి రసవిద్యకు నెలవని సంప్రదాయం చెప్పుకుంటుంది. ఆ శ్రీశైలం కూడా నేడు నంద్యాల జిల్లాలోనే ఉంది.

ఆధునిక చరిత్ర 1973 చమురు సంక్షోభం తర్వాత వేగం అందుకుంది. 1977లో జపాన్ శాస్త్రవేత్త నకమురా ఐరన్ ఆక్సైడ్‌తో రెండు మెట్ల నీటి విభజన చక్రాన్ని ప్రతిపాదించాడు. దానికి కావలసిన ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది కాబట్టి కాగితం మీద నుంచి కదలడం కష్టమైంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఫ్లెచర్, స్విట్జర్లాండ్‌లో పాల్ షెరర్ సంస్థలోనూ ఈటీహెచ్ జ్యూరిక్‌లోనూ పనిచేసిన ఆల్డో స్టైన్‌ఫెల్డ్ జింక్ చక్రం మీద దృష్టి పెట్టారు. ఉష్ణోగ్రత దించడానికి బొగ్గు, మీథేన్ కలిపే మార్గం ఈ దశలోనే బలపడింది.

ఆ మార్గానికి అతిపెద్ద పరీక్ష 2005 ప్రాంతంలో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థలో జరిగిన సోల్‌జింక్ ప్రాజెక్టు. మైదానంలోని అద్దాలు ఎండను గోపురం పైకి పంపుతాయి. అక్కడి అద్దం దాన్ని కిందికి తిప్పి రియాక్టర్ కిటికీలోకి దింపుతుంది. రియాక్టర్‌లో రెండు అరలు. పై అర ఎండకు కాగుతుంది, మధ్యలోని గ్రాఫైట్ పలక ఎర్రగా కాలి కింది అరకు వేడి పంచుతుంది. కింది అరలో తెల్లటి జింక్ ఆక్సైడూ బీచ్ చెట్టు కర్రబొగ్గూ కలిపిన పొర పరిచి ఉంటుంది. పొద్దు పెరిగేకొద్దీ ఆ పొర పైనుంచి వాయువుగా లేచిపోతూ పలచబడుతుంది. ఆవిరి చల్లారి జింక్ పొడిగా దిగుతుంది. 300 కిలోవాట్ల సౌర శక్తితో గంటకు 50 కిలోల దాకా, 95 శాతం శుద్ధమైన జింక్ వచ్చింది. శక్తి మార్పిడి సామర్థ్యం 30 శాతం దగ్గర నిలిచింది.

తర్వాతి దశాబ్దంలో గాలి సీరియం ఆక్సైడ్ (సీరియా) వైపు తిరిగింది. 2010లో కాల్‌టెక్, ఈటీహెచ్ బృందాలు కలిసి ఏ కర్బనమూ కలపకుండా దాన్ని సుమారు 1,500 డిగ్రీల దగ్గర పనిచేయించాయి. అప్పుడు సామర్థ్యం ఒక శాతం లోపే. 2017 నాటికి ప్రయోగశాల రియాక్టర్‌లో 5.25 శాతానికి చేరింది. స్పెయిన్‌లోని మోస్తోలెస్‌లో 169 అద్దాల సౌర గోపురం మీద నడిచిన 50 కిలోవాట్ల వ్యవస్థ ఫలితం 2022లో వెలువడింది. అక్కడ సామర్థ్యం 4.1 శాతం. ఇదే పరిశోధన నుంచి పుట్టిన సిన్‌హీలియన్ కంపెనీ 2024లో జర్మనీలోని యూలిష్‌లో ప్లాంటు ప్రారంభించినప్పుడు మాత్రం మీథేన్ ఉన్న జీవవాయువును ముడిసరుకుగా తీసుకుంది. కర్బనం వద్దనుకున్న దారి కూడా మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి కర్బనాన్ని తోడు పిలుచుకుంది.

నాలుగు వాదాలు

*మొదటి వాదం: కర్బనం కలపనే కూడదు.* నీరు, కార్బన్ డయాక్సైడ్, ఎండ తప్ప మరేదీ లోపలికి పోకూడదని వీరి పట్టు. ఒకసారి బొగ్గుకు తలుపు తీస్తే అసలు లక్ష్యమే పక్కదారి పడుతుందంటారు. సీరియా ప్రయోగాలు ఈ వాదానికి ప్రాణం పోశాయి. సామర్థ్యం ఇంకా తక్కువ, 1,500 డిగ్రీలకు రోజూ కాగి చల్లారే పదార్థాల మన్నిక కష్టం అన్నవి దీని బలహీనతలు.

*రెండో వాదం: శిలాజ కర్బనం తాత్కాలిక వంతెన.* కోక్, సహజ వాయువు ఎలాగూ వాడుతున్నాం, వేడి కోసం కాల్చే భాగాన్నైనా ఎండతో భర్తీ చేస్తే ఉద్గారాలు వెంటనే తగ్గుతాయని వీరి తర్కం. సీరియాకు మీథేన్ తోడిస్తే 1,000 డిగ్రీల చుట్టుపక్కలే పని అవుతుందని మిన్నెసోటాలో జేన్ డేవిడ్‌సన్ బృందం చూపింది. ఉష్ణోగ్రత దిగితే కిటికీలు, ఇటుకలు, అద్దాల ఖర్చు అన్నీ దిగుతాయి.

*మూడో వాదం: కర్బనం కావాలి, కానీ పొలం నుంచి రావాలి.* కట్టె, పొట్టు, జీవవాయువు నుంచి వచ్చే కర్బనం నిన్నటి గాలిలోదే కాబట్టి కొత్త భారం పడదన్నది ఆధారం. ఫ్రాన్స్‌లోని ఒడేయో సౌర కొలిమి దగ్గర స్టెఫాన్ అబనాద్ బృందం జింక్, మెగ్నీషియం ఆక్సైడ్లను కర్బనంతో క్షయకరణం చేసే పద్ధతులను విస్తృతంగా పరీక్షించింది.

*నాలుగో వాదం: ఈ గొడవంతా ఎందుకు, కరెంటుతో చేద్దాం.* 20 శాతం సామర్థ్యమున్న ప్యానెల్, 70 శాతం సామర్థ్యమున్న విద్యుద్విశ్లేషణ యంత్రం కలిస్తే ఎండలో 14 శాతం హైడ్రోజన్‌లోకి వస్తుంది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో సోలార్ యూనిట్ ధర 2.44 రూపాయలకు దిగాక ఈ వాదానికి ఎదురు లేకుండా పోయింది. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌లోనూ, ఉత్తరాంధ్రలో పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ తలపెట్టిన హైడ్రోజన్ కేంద్రంలోనూ ప్రధాన భరోసా ఈ దారి మీదే.

లెక్క వేసి చూస్తే

వాదాలను పక్కన పెట్టి రసాయన సమీకరణాన్ని చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. ఒక కిలో జింక్‌కు సిద్ధాంతం ప్రకారం 184 గ్రాముల కర్బనం కావాలి. ఆ జింక్‌కు నీటి ఆవిరి తగిలిస్తే వచ్చే హైడ్రోజన్ 31 గ్రాములు. అంటే కిలో హైడ్రోజన్‌కు సుమారు 32 కిలోల జింక్, 6 కిలోల కర్బనం. క్షయకరణంలో వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఆవిరితో మార్చుకుంటే మరో కిలో హైడ్రోజన్ దొరుకుతుంది.

ఇప్పుడు రెండు మెట్లనూ కూడి చూడండి. జింక్ వచ్చి వెళ్లిపోతుంది, మిగిలేది బొగ్గూ నీరూ కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కావడమే. బొగ్గును ఆవిరితో వాయువుగా మార్చే పాత చర్యే ఇది. మరి మధ్యలో లోహం ఎందుకు? హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వేర్వేరు చోట్ల విడిగా దొరుకుతాయి, వడకట్టే పని తప్పుతుంది. ఎండను లోహం రూపంలో గోదాములో పెట్టుకోవచ్చు, లారీలో పంపవచ్చు. జింక్-గాలి బ్యాటరీలో వేసి నేరుగా కరెంటు తీయవచ్చు. ఈ మూడింటిలో ఏదో ఒకటి అక్కరకు రాకపోతే లోహపు చక్రానికి అర్థం లేదు. చాలా చర్చల్లో మరుగున పడే మాట ఇది.

శక్తి వాటా మరో లెక్క. జింక్, కార్బన్ మోనాక్సైడ్ రూపంలో చేతికొచ్చే రసాయన శక్తిలో ఎండ నుంచి వచ్చేది సుమారు 38 శాతం. మిగతా 62 శాతం బొగ్గు తెచ్చిందే. మీథేన్ వాడితే ఎండ వాటా నాలుగో వంతు దగ్గరకు పడిపోతుంది. కాబట్టి సోల్‌జింక్ 30 శాతాన్నీ సీరియా 4 శాతాన్నీ ఒకే తూకంలో వేయకూడదు. ఒకదాంట్లో బొగ్గు భారం మోస్తోంది, రెండోదాంట్లో ఎండే అంతా మోస్తోంది.

ఉద్గారాల సంగతీ చూద్దాం. శిలాజ బొగ్గుతో ఈ చక్రం నడిపితే కిలో హైడ్రోజన్‌కు కనీసం 11 కిలోల కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌తో నడిపితే 5.5 కిలోలు. నేడు సహజ వాయువు నుంచి మామూలుగా హైడ్రోజన్ తీస్తే 9 నుంచి 10 కిలోలు పడుతోంది. 2023 ఆగస్టులో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ గ్రీన్ హైడ్రోజన్‌కు పెట్టిన హద్దు 2 కిలోలు. ఆ హద్దులోకి శిలాజ కర్బనం ఏ రకంగానూ రాదు. అదే నిర్వచనం జీవపదార్థం నుంచి తీసే హైడ్రోజన్‌కు తలుపు తెరిచే ఉంచింది.

పోల్చి చూస్తే

- కర్బనం లేని సీరియా చక్రం: 1,500 డిగ్రీలు, ఎండ వాటా పూర్తి, సామర్థ్యం 4–5 శాతం, అడ్డంకి పదార్థాల మన్నిక, వేడి వృథా.
- బొగ్గుతో జింక్ చక్రం: 1,000–1,200 డిగ్రీలు, ఎండ వాటా 38 శాతం, 300 కిలోవాట్ల స్థాయిలో రుజువైంది, అడ్డంకి ఉద్గారాలు, జింక్ ఆవిరి తిరిగి ఆక్సీకరణం కావడం.
- మీథేన్‌తో క్షయకరణం: 1,000 డిగ్రీల చుట్టూ; ఎండ వాటా పావు భాగం; సిన్‌గ్యాస్ నేరుగా వస్తుంది; అడ్డంకి గ్యాస్ ఎక్కడిదన్న ప్రశ్న.
- జీవబొగ్గుతో క్షయకరణం: ఉష్ణోగ్రత బొగ్గు పద్ధతిదే, కర్బన భారం తక్కువ, అడ్డంకి బూడిద, సేకరణ, పశుగ్రాసంతో పోటీ.
- ప్యానెల్, విద్యుద్విశ్లేషణ: అధిక ఉష్ణోగ్రత అక్కర్లేదు, 14 శాతం దాకా, మార్కెట్‌లో దొరికే సాంకేతికత, వెయ్యి డిగ్రీల బట్టీ వేడిని నేరుగా ఇవ్వదు.

నంద్యాల నేల మీద ఈ ప్రశ్న

ముందు ఎండ సంగతి. మబ్బు పట్టినా ప్యానెల్ కొంత కరెంటు ఇస్తుంది. అద్దాల గోపురానికి మాత్రం నేరుగా పడే కిరణమే కావాలి. నైరుతి మబ్బులూ దుమ్మూ తేమా ఆ కిరణాన్ని చెదరగొడతాయి. అద్దాలు కడగడానికి నీళ్లు కావాలి, కరువు సీమలో అది చిన్న విషయం కాదు. కేంద్రీకృత సౌర వేడి అనుభవం మనకు బొత్తిగా లేదని కాదు. తిరుమలలో 2002 నుంచి డిష్ అద్దాలతో ఆవిరి పుట్టించి వేల మందికి వండారు. అనంతపురం జిల్లా నాగలాపురంలో మేఘా సంస్థ 50 మెగావాట్ల పారాబోలిక్ ట్రఫ్ ప్లాంటును 2014లో నడిపించింది. కానీ మొదటిది ఆవిరి స్థాయి వేడి, రెండోది 400 డిగ్రీల లోపు. వెయ్యి డిగ్రీలకు ఎక్కడం వేరే మెట్టు.

రెండోది రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు కర్నూలు సమూహం అని పిలిచే పొరల పేర్లే ఈ ప్రాంత పటం: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. ఇక్కడ జింక్ ఖనిజం లేదు. రామళ్లకోట, వెల్దుర్తి వైపు ఇనుప ఖనిజం ఉన్నా, ఇనుము విషయంలో ప్రపంచం హైడ్రోజన్ వైపు మళ్లుతోంది. స్వీడన్‌లో హైబ్రిట్ ప్రాజెక్టు 2021లోనే బొగ్గు లేకుండా తీసిన ఇనుముతో ఉక్కు అందించింది. కాబట్టి ఈ నేలకు దగ్గరి ప్రశ్న సున్నం.

సున్నపురాయి కాలితే బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. బొగ్గు మానేసినా ఇది ఆగదు. సౌర వేడితో సున్నం కాల్చవచ్చని పాల్ షెరర్ సంస్థ చిన్న రోటరీ బట్టీలో చూపింది. 2022లో సిమెంటు కంపెనీ సెమెక్స్, సిన్‌హీలియన్ కలిసి సౌర వేడితో సిమెంటు ముడిసరుకైన క్లింకర్ తీశాయి. సున్నపురాయిని మీథేన్ సమక్షంలో కాలిస్తే సున్నంతో పాటు సిన్‌గ్యాస్ వస్తుందన్నది హాల్మన్, స్టైన్‌ఫెల్డ్ బృందం పరిశీలించిన మార్గం. లెక్క ప్రకారం టన్ను సున్నపురాయికి 160 కిలోల మీథేన్ కలిపితే 560 కిలోల సున్నం, 560 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 40 కిలోల హైడ్రోజన్ రావాలి. పొగగొట్టంలోంచి పోయే వాయువు ఇంధనంగా మారుతుంది. ఆ కార్బన్ మోనాక్సైడ్‌లో సగం కర్బనం రాతిదేనని, కాల్చితే అది గాలిలోకే పోతుందని కూడా చెప్పాలి. ఒకే కర్బనాన్ని రెండు పనులకు వాడుకోవడం ఇక్కడి లాభం, మాయం చేయడం కాదు.

మూడోది కర్బనం. కేసీ కెనాల్ కింద నంద్యాల, ఆళ్లగడ్డ మాగాణుల్లో వరిగడ్డి, మెట్ట చేలలో పత్తి కట్టె, కంది కట్టె, సీమంతటా సర్కారు తుమ్మ కనిపిస్తాయి. కట్టెలో నాలుగో వంతు బొగ్గుగా దిగితే, ఆ బొగ్గులో 80 శాతం కర్బనం ఉంటే, టన్ను జింక్‌కు సుమారు 900 కిలోల ఎండు కట్టె కావాలి. వరిగడ్డి దీనికి సరిపడదు. దాని బూడిదలో సిలికా ఎక్కువ, పొటాష్ కూడా ఉండి రియాక్టర్‌లో కరిగి అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా అది పశువుల నోటి దగ్గరి మేత. పత్తి కట్టెను చాలాచోట్ల చేలోనే తగలబెడుతున్నారు కాబట్టి అది మేలైన సరుకు. సర్కారు తుమ్మతో బొగ్గు బట్టీలు ఇప్పటికే నడుస్తున్నాయి, కానీ వాటి మీద బతికే కుటుంబాలున్నాయి.

ఇంకా తేలనివి

ఒకటి, జింక్ ఆవిరిని చల్లార్చే దశ. కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా ఉన్నా ఆవిరి మళ్లీ ఆక్సైడ్ అవుతుంది. పరిశ్రమలో కరిగిన సీసం చిమ్మి ఆవిరిని గబుక్కున పట్టుకుంటారు. మెగ్నీషియంకు 1,800 డిగ్రీలు దాటాలి లేదా పీడనం బాగా తగ్గించాలి. అల్యూమినియం అయితే కార్బైడ్లుగా మారి మరీ మొండికేస్తుంది.

రెండు, పొద్దుగూకిన తర్వాత ఏం చేయాలి? రోజూ చల్లారి కాగే రియాక్టర్ త్వరగా పగులుతుంది. రాత్రి వేళ కరెంటు వేడి జోడించే మిశ్రమ పద్ధతి సాధ్యమే, దాని ఖర్చు మీద ఏకాభిప్రాయం లేదు.

మూడు, లెక్క హద్దు. జీవ కర్బనాన్ని సున్నా ఉద్గారంగా రాసేస్తే సేకరణ, రవాణా, బొగ్గు కాల్చే దశలో పోయే వాయువులు కనిపించకుండా పోతాయి.

నాలుగు, వ్యర్థం ఎవరిది? చేలో మిగిలిన కట్టెకు ధర పలికిన రోజున ఆ ధర రైతుకు చేరుతుందా, మధ్యలోనే ఆగుతుందా అన్నది ఏ రియాక్టర్ పత్రంలోనూ తేలదు. భూమిలో కలవాల్సిన సేంద్రియ పదార్థం ఎంత తగ్గుతుందన్నదీ అందులో భాగమే.

తూకం ఎటు?

ఇన్ని వాదాలను పక్కపక్కన పెట్టి చూశాక మూడు నిర్ణయాలకు రావచ్చు. హైడ్రోజన్ మాత్రమే కావాలంటే బొగ్గు కలిపిన లోహ చక్రానికి చోటు లేదు, ఆ పని ప్యానెళ్లూ విద్యుద్విశ్లేషణా మెరుగ్గా చేస్తాయి. పిన్నాపురం లాంటి నిల్వ తోడైతే ఇంకా మెరుగ్గా చేస్తాయి. లోహమో సున్నమో ఎలాగూ తయారుచేయాల్సిన చోట మాత్రం, అంటే ఉక్కు కొలిముల ధూళి నుంచి జింక్ తిరిగి తీయడంలో, సున్నపు బట్టీలో, సౌర వేడికి కర్బనం తోడివ్వడంలో అర్థం ఉంది. అక్కడ సరుకే ఫలితం, వాయువు అదనపు లాభం. ఆ కర్బనం కూడా మేతకూ పొయ్యికీ భూమికీ పోను మిగిలినదై ఉండాలి.

సౌర ఇంధనం అన్న పేరు పెట్టే ప్రతి ప్రాజెక్టూ కిలో సరుకుకు ఎన్ని గ్రాముల కర్బనం, ఆ కర్బనం ఎక్కడిది, ఫలితంలో ఎండ వాటా ఎంత అన్న మూడు అంకెలను ముందుగా ప్రకటించాలి. ఆ అంకెలు బయట పెడితే సగం తగాదా అక్కడే తీరుతుంది. మన పరిశోధన సంస్థలు, సిమెంటు కంపెనీలు కలిసి ఎర్రమల అంచున ఒక చిన్న సౌర సున్నపు బట్టీని జీవవాయువుతో, పత్తి కట్టె బొగ్గుతో ఏడాది పొడవునా నడిపి, వానకాలపు ఫలితాలతో సహా వెల్లడిస్తే మిగతా సగానికి జవాబు దొరుకుతుంది. రాయి, ఎండ, కట్టె మూడూ ఒకే జిల్లాలో ఉన్న చోటు ఆ పరీక్షకు తగిన చోటు. సిమెంటు పొగను దశాబ్దాలుగా భరిస్తున్న ఈ పల్లెలకు ఆ పరీక్షను అడిగే హక్కు కూడా ఉంది.